మనోవికాస నగర్ నీ దారిలోనే ఉంది, బిడ్డా



మొన్న ఆదివారం మీ ఇంట్లో కూర్చున్న రెండు గంటల్లో బాబు ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడలేదు. బొమ్మ కారును తిరగేసి దాని చక్రాన్ని తిప్పుతూనే ఉన్నాడు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను, తల తిప్పలేదు. వంటింట్లో నువ్వు బిస్కట్ పొట్లం విప్పిన చప్పుడుకు మాత్రం లేచి వచ్చాడు. నేను గమనించానని నువ్వూ గమనించావు. "మాటలు ఆలస్యమంతే పెద్దనాయనా, వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్లకు గాని రాలేదట" అన్నావు. ఇంతలో పక్క ఫ్లాటావిడ బెల్లు కొట్టింది. తలుపు తీసే ముందు పిల్లగాణ్ని పడకగదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశావు.

ఆ తలుపు వేసిన తీరు నా మనసులోంచి పోవడం లేదు. ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను చెప్పాల్సింది సగంలోనే ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను.

మీ చిన్నాయన నీకు గుర్తుండేది మేడ్చల్ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో నవ్వుతూ కూర్చున్న మనిషిగానే. అంతకుముందు కథ నీకెవరూ చెప్పలేదు. రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి వాడి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పోలియో అనే మాటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాయన వాణ్ని భుజాన వేసుకుని ఎవరు ఏ ఊరు చెబితే ఆ ఊరికి తిరిగాడు. తాయెత్తులు కట్టించాడు, పసర్లు పూయించాడు, మొక్కులు మొక్కాడు. చుట్టాలొస్తే మా అమ్మ వాణ్ని వెనక అర్రలో కూర్చోబెట్టేది. ప్రేమ లేక కాదు, నలుగురి మాట పడలేక. పదేళ్లు దాటాక ఎవరో కాలిపర్ల సంగతి చెబితే సికింద్రాబాద్ తీసుకుపోయారు. అప్పటికే మోకాళ్లు వంగిపోయి బిగుసుకున్నాయి. చిన్నప్పుడే తెచ్చి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదని డాక్టరు అన్నాడట. ఆ మాట మా నాయన చివరి దాకా మోశాడు.

2014 మార్చి 27న మన దేశంలో పోలియో లేదని ప్రకటించారు. ఆ వార్త పేపర్లో చదివి మీ చిన్నాయన ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. పోలియో పోయింది గాని, వెనక అర్ర పోలేదు బిడ్డా. మొన్న మీ ఇంట్లో చూశాను.

నేను డాక్టర్ను కాను. బాబుకు ఫలానాది ఉందని చెప్పే చదువు నాకు లేదు, చెప్పను కూడా. కానీ ముప్పై ఏళ్లు బడిలో పిల్లల మధ్య ఉన్నవాణ్ని. మూడేళ్లు నిండిన పిల్లగాడు పిలిస్తే పలకకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా, "చూద్దాం, వస్తాయి" అని కూర్చోవడం తప్పని మాత్రం చెప్పగలను. పరీక్ష చేయించి ఏమీ లేదని తేలితే నష్టం ఒక పూట. ఉండి చూపించకపోతే పోయేది పిల్లగాడి మెదడు చురుగ్గా నేర్చుకునే కాలం. తొలి ఆరేళ్లలో ఇచ్చిన సాయం ఆ తర్వాత ఎంత ఇచ్చినా అంతగా అందదు.

ముందు చెవులు చూపించు. బిస్కట్ పొట్లం చప్పుడుకు వచ్చాడు కాబట్టి వినబడుతోందని నువ్వనుకుంటావు. కొన్ని చప్పుళ్లు వినబడి, మాటలోని కొన్ని ధ్వనులు వినబడని పిల్లలుంటారు. నా తరగతిలోనే ఒక పిల్ల ఉండేది. చెప్పింది చేసేది కాదు, అడిగితే చెప్పేది కాదు. బుర్రకెక్కదని వెనక బెంచీలో కూర్చోబెట్టాను. రెండేళ్ల తర్వాత తెలిసింది, ఆమెకు ఒక చెవి అసలు వినబడదు, రెండోది సగమే. ముందు బెంచీలో కూర్చోబెట్టి మొహం చూస్తూ మాట్లాడి ఉంటే సరిపోయేది. ఆ తప్పు నాది. ఆ పిల్లకు ఇప్పుడు పిల్లలున్నారు, ఎక్కడ కనబడ్డా నాకు దండం పెడుతుంది. నాకే తలెత్తబుద్ధి కాదు.

ఇక ఎక్కడికి పోవాలనేది. నువ్వు మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయినప్పుడల్లా కొంపల్లి, సుచిత్ర దాటి బోయినపల్లి మీదుగా పోతావు కదా. ఆ బోయినపల్లిలోనే మనోవికాస నగర్ ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం దేశం మొత్తానికి ఒక సంస్థ పెట్టాలనుకున్నప్పుడు పెట్టింది ఇక్కడే. పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో తల్లిదండ్రులు రైళ్లెక్కి పిల్లల్ని తీసుకుని ఇక్కడికి వస్తారు. మనకు అది సిటీ బస్సు దూరం. చెవుల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అదే మనోవికాస నగర్‌లో ఉంది. వినికిడి పరీక్ష అక్కడ చేస్తారు. పిల్లగాడు నిద్రపోతుండగా తల మీద చిన్న తీగలు అంటించి చూసే పరీక్షను బెరా అంటారు. నొప్పేమీ ఉండదు, భయపడకు.

ఎన్ఐఈపీఐడీలో 2021 నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం విడిగా ఒక కేంద్రం నడుస్తోంది. ఏ రకమైన లోపమని అనుమానం ఉన్నా అక్కడే చూస్తారు. మొదటి రోజు వాళ్లు మందులు రాయరు, ప్రశ్నలడుగుతారు. కడుపుతో ఉన్నప్పుడు నీకు బీపీ, షుగర్ ఉన్నాయా, పుట్టగానే ఏడ్చాడా, కామెర్లు వచ్చాయా, ఫిట్స్ వచ్చాయా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు బోర్లా పడ్డాడు, ఎప్పుడు పాకాడు, ఎప్పుడు నడిచాడు. ఇవన్నీ ఈ రాత్రే కాగితం మీద రాసి పెట్టుకో. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, టీకాల కార్డు, ఆధార్ ఒక సంచిలో వెయ్యి. బాబు మామూలుగా ఆడుకుంటున్నప్పుడు ఫోన్లో రెండు మూడు వీడియోలు తియ్యి. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేది అక్కడ చెయ్యరు. తినడానికి వాడికి నచ్చింది, వాడు వదలని ఆ చక్రాల కారు తీసుకుపో. పూటంతా పడుతుంది, తొందరపడొద్దు. ఒక్క రోజుతో అయ్యేది కాదు, మళ్లీ మళ్లీ రమ్మంటారు. ఇంటి దగ్గర నువ్వు చెయ్యాల్సినవి నేర్పిస్తారు. అసలు వైద్యం అదే. వారంలో రెండు గంటలు వాళ్లు చేసేదాని కంటే మిగిలిన రోజులన్నీ నువ్వూ అల్లుడూ స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ, బట్టలు తొడుగుతూ చేసేది ఎక్కువ.

మా శామీర్‌పేట వైపు ఉన్నవాళ్లకు రాజీవ్ రహదారి మీద జూబ్లీ బస్టాండు దాకా పోతే ఉప్కార్ సర్కిల్ దగ్గర స్వీకార్ అనే సంస్థ ఉంది, 1977లో మొదలైంది. డాక్టర్ పి. హనుమంతరావు గారు పెట్టారు. ఒకచోట తేదీ దొరక్కపోతే ఇంకోచోటికి పోవచ్చు. దారులు రెండున్నాయని చెప్పడానికే ఇది రాశాను.

దగ్గరలోనే ఉన్నవి కూడా ఉన్నాయి. ప్రతి మండలంలో ప్రభుత్వ బడుల కింద భవిత కేంద్రం ఉంటుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లు, మనం ఐఈఆర్పీలంటాం, అక్కడ పనిచేస్తారు. ఫిజియోథెరపీ చేసేవాళ్లు నిర్ణీత రోజుల్లో వస్తారు. మంచం దిగలేని పిల్లలకు ఇంటికే వచ్చి చెబుతారు. మా బడిలో పనిచేసిన ఒక ఐఈఆర్పీ టీచరమ్మ ఎండలో స్కూటీ మీద తండాలకు పోయి పిల్లలకు చెంచా పట్టుకోవడం నేర్పేది. జీతం తక్కువ, గుర్తింపు అంతకన్నా తక్కువ. అలాంటివాళ్లను మనం వెతుక్కుంటూ పోయి పలకరించాలి. అంగన్‌వాడీలకు, బడులకు ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బండి వస్తుంది, 18 ఏళ్ల లోపు పిల్లల్ని చూసి అవసరమైతే పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. ప్రైవేటు ప్లే స్కూలుకు పంపుతున్నారు కాబట్టి నీకు వీటి సంగతి తెలియలేదు. అంగన్‌వాడీ టీచరును అడుగు, ఆమెకు అన్నీ తెలుసు.

ఇప్పుడు జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా థెరపీ సెంటర్ల బోర్డులు చాలా కనబడుతున్నాయి. మంచివి ఉన్నాయి, కాదనను. కానీ డబ్బు కట్టే ముందు స్పీచ్ థెరపీ, ప్రత్యేక బోధన చేసే మనిషికి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడుగు. భారత పునరావాస మండలి ఇచ్చే నంబరది, అడగడం నీ హక్కు. పిల్లగాణ్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుని, నువ్వు చూడకూడదంటే అక్కణ్నుంచి వచ్చెయ్యి. ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామన్నవాణ్ని నమ్మకు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు వసూలు చేసేవాళ్లున్నారు. ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. మా నాయన తాయెత్తులకు పోగొట్టుకున్నది రూపాయల్లో, ఇప్పటివాళ్లు పోగొట్టుకునేది లక్షల్లో. మోసం తీరు ఒకటే. తల్లిదండ్రుల ఆశ మీద బతికే వ్యాపారమది.

ఇంకో సంగతి. మా చెరువు గట్టు అవతల నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కదా, నువ్వు చదువుకునే రోజుల్లో దాని గేటు ముందు నుంచే పోయేదానివి. వికలాంగుల హక్కుల మీద పనిచేసే కేంద్రం ఒకటి ఆ లోపల ఉంది. 2010లో కేంద్రం డాక్టర్ సుధా కౌల్ అధ్యక్షతన కమిటీ వేసి కొత్త చట్టం రాయమన్నప్పుడు ముసాయిదా పనిలో న్యాయ సలహా ఇచ్చింది ప్రొఫెసర్ అమితా ధాండా, ఈ నల్సార్ కేంద్రమే. 2011లో ముసాయిదా ఇచ్చారు. ఢిల్లీలో అది చాలా మారింది, చాలా నలిగింది. చివరికి 2016 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం పేరే లేదు. ఈ చట్టంలో 21 ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం ఉందని పిల్లవాణ్ని చేర్చుకోనని చెప్పకూడదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. రేపు ఏ ప్రిన్సిపాలైనా "మా దగ్గర ఇలాంటి పిల్లలకు వీలు కాదండీ" అంటే తల దించుకుని బయటికి రాకు. ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడుగు.

ఆ చట్టం అంటే నాకెందుకంత ప్రేమో చెబుతాను. మీ చిన్నాయన ఒకసారి పింఛను పని మీద ఒక ఆఫీసుకు పోయాడు. సెక్షను మేడ మీద ఉంది. కిందికి దిగి సంతకం తీసుకోమని బతిమాలితే ఎవరూ రాలేదు. చేతుల మీద పాకుతూ మెట్లెక్కాడు. తెల్ల పంచె నల్లబడి ఇంటికొచ్చాడు గాని ఆ రోజు అన్నం ముట్టలేదు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో, అందరూ రాగలిగేలా కట్టడాలు ఉండాలన్నది కేవలం సూచన కాకూడదు, తప్పనిసరి నియమం కావాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా తీసుకున్న నివేదిక రాసింది ఈ నల్సార్ కేంద్రమే. మా చెరువు పక్కన కూర్చుని ఎవరో పిల్లలు, మీ చిన్నాయన పాకిన మెట్ల గురించి రాసినట్టే నాకనిపించింది. వాడు బతికుంటే ఆ పేపరు ముక్క కూడా దాచుకునేవాడు.

వైకల్య సర్టిఫికెట్ మాట ఎత్తితే నువ్వు ఉలిక్కిపడతావని తెలుసు. "వాడి మీద ముద్ర వేసినట్టవుతుంది" అంటావు. బిడ్డా, కాగితం వల్ల పిల్లగాడు మారడు. వాడు అంతకుముందు ఎవరో ఆ తర్వాతా వాడే. మునుపు సదరం క్యాంపులుండేవి, ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. మీసేవలో అయినా, ఆన్‌లైన్లో అయినా పేరు నమోదు చేసి, మెడికల్ బోర్డు పిలిచిన రోజున పిల్లగాణ్ని తీసుకుపోవాలి. చిన్నపిల్లలకు కొన్నిసార్లు కొన్నేళ్లకే చెల్లేలా ఇస్తారు, తర్వాత మళ్లీ చూస్తారు. అదీ మంచిదే. 40 శాతం, ఆపైన ఉంటే బస్సు, రైలు రాయితీలు, పరీక్షల్లో అదనపు సమయం, ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉన్నాయి. పాత పద్ధతిలో పన్ను కడుతుంటే అల్లుడికి 75,000 రూపాయల మినహాయింపు, వైకల్యం తీవ్రమైతే 1,25,000. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి మొత్తం లక్ష దాకా వైద్య ఖర్చులు వస్తాయి, అందులో థెరపీకి కూడా కొంత ఉంటుంది. ఆసరా పింఛను మీకు రాకపోవచ్చు. అర్హత ఉన్నవాళ్లకు 2023 నుంచి 4,016 రూపాయలిస్తున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో అది 500. ఆ పెరిగిన డబ్బు వెనక చక్రాల బండ్ల మీద కలెక్టరాఫీసుల ముందు ఎండలో కూర్చున్నవాళ్లున్నారు. మీ చిన్నాయన కూడా కూర్చున్నాడు.

మన జిల్లా కలెక్టరేటు ఇప్పుడు ఎక్కడో దూరాన లేదు. 2022 ఆగస్టు నుంచి మా శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగితే దరఖాస్తుల సంగతి చెబుతారు. పని కాకపోతే సోమవారం ప్రజావాణి ఉండనే ఉంది. దరఖాస్తు రెండు కాపీలు తీసుకుపో, ఒకదాని మీద ముద్ర వేయించుకో. ఎవరి మీదైనా కేసు దాకా పోవాల్సి వస్తే వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. నీకు కావాల్సింది ఇంకో తల్లి. ఇదే దారిలో నీకంటే మూడేళ్లు ముందు నడిచిన తల్లి. మనోవికాస నగర్‌లో వరండాలో కూర్చున్నప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చోకు. పక్కన కూర్చున్నామెను ఏ ఊరని అడుగు. ఏ డాక్టరు నిదానంగా మాట్లాడతాడు, ఏ బడి నిజంగా చేర్చుకుంటుంది, పిల్లగాడు రాత్రుళ్లు నిద్రపోకపోతే ఏం చెయ్యాలి, అత్తగారి మాటలకు ఏం జవాబు చెప్పాలి, ఇవి ఏ ఆఫీసు గోడ మీదా రాసి ఉండవు. ఆమె దగ్గర ఉంటాయి. దేశమంతటి తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లో పరివార్ అనే సమాఖ్య పెట్టుకున్నది ఇందుకే. మన పల్లెల్లో వెలుగు, ఇందిర క్రాంతి పథం రోజుల్లో వికలాంగుల సంఘాలు కట్టినప్పుడు మీ చిన్నాయనలో వచ్చిన మార్పు నేను కళ్లారా చూశాను. కాలిపర్లు ఇవ్వలేని ధైర్యం ఆ నెలవారీ మీటింగు ఇచ్చింది. మొదటిసారి వాడు, "అన్నా, నాకంటే కష్టంలో ఉన్నోళ్లు మస్తుమంది ఉన్నరే, వాళ్ల కోసం మాట్లాడాలె" అన్నాడు. అప్పటి నుంచి వాడికి తన కాళ్ల గురించి ఆలోచించే తీరిక లేకపోయింది.

మీ ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలుసు. నువ్వు ఉద్యోగం చెయ్యబట్టే, ఫోన్ చూపించబట్టే పిల్లగాడికి ఇలా అయిందని ఎవరో ఒకరు అనే ఉంటారు. తప్పు నీది కాదు. ఈ మాట ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చెబుతాను. అల్లుడితో నేను మాట్లాడతాను, అతను కూడా లోపల నలిగిపోతున్నాడు, మగవాడు కాబట్టి ఆఫీసులో ఎక్కువసేపు ఉండిపోతున్నాడు, అంతే. మొదటి రోజు ఇద్దరూ కలిసి రండి. ఒక్కరే విని వచ్చి ఇంకొకరికి చెబితే సగం పోతుంది, మిగిలిన సగం మీద గొడవ అవుతుంది.

పక్క ఫ్లాటావిడకు కూడా చెప్పు. "బాబుకు మాటలు రావడం లేదు, చూపిస్తున్నాం" అని అంతే. ఒకసారి నోటితో చెప్పాక ఆ తలుపు వేసే పని ఉండదు.

ఇంకొక్కటి. వస్తూ వస్తూ మీ వాచ్‌మన్ గది ముందు ఏడెనిమిదేళ్ల ఆడపిల్లను చూశాను. గోడ పట్టుకుని నడుస్తోంది, చేతులు వణుకుతున్నాయి, బడికి పోవడం లేదట. వాళ్లు ఒడిశా నుంచి వచ్చారట, కార్డు లేదని, ఎక్కడ అడగాలో తెలియదని ఆ తల్లి చెప్పింది. ఆమెకు మన భాష సరిగా రాదు.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు మీ గేటు ముందుంటాను. మనోవికాస నగర్‌కి కలిసే పోదాం. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది, ఆ తల్లినీ ఆ పిల్లనూ తయారుగా ఉండమని రేపే చెప్పు.